పాత సముద్రపు గట్టున అత్తయ్యతో

మా బాపట్ల ఇంటి పక్కన ఖాళీ స్థలంలో అపార్టుమెంటు లేస్తోంది. ఇన్నేళ్ళూ ఆ స్థలంలో ఉడతలు తప్ప వేరే అలికిడి లేదు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనమై నేను కాస్త నడుం వాల్చే వేళకి సరిగ్గా కిటికీ కింద పనివాళ్ళు ఇసుక జల్లించడం మొదలుపెడతారు. వీధిలో అందరూ విసుక్కుంటున్నారు, మావారు కిటికీ తలుపులు వేసేస్తానన్నారు కూడా, నేనే వద్దన్నాను. కళ్ళు మూతలు పడుతూ ఉండగా ఆ జరజరమనే చప్పుడు నన్ను మెల్లగా ఎత్తుకుపోయి, సముద్రానికెదురుగా మెట్ట మీద ఉన్న మా యూనివర్సిటీ లాబొరేటరీలో, ఇత్తడి జల్లెడల దొంతర ముందు ఓణీ దోపుకుని నిలబడ్డ ఒక బక్కపిల్ల దగ్గర దింపుతుంది. ఆ పిల్ల వెనకే ఇంకొకరు కూడా కనిపిస్తారు, నిజానికి ఆవిడ ఆ లాబొరేటరీలో ఎన్నడూ అడుగుపెట్టకపోయినా. ఆవిడ మా చిన్నత్తయ్య, మా నాన్నగారి చెల్లెలు. నా చదువు గురించి ఎప్పుడు తలుచుకున్నా పాఠం చెప్పిన గురువులకంటే ముందు ఆవిడే గుర్తుకు రావడం నాకే వింతగా ఉంటుంది.

మాది తెనాలి. నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, అక్కడ ఎంత లోతు తవ్వినా గులకరాయి తగలదు. కాలవలు, నల్లమట్టి, వరిచేలు, అంతే. పిల్లలం మామిడికాయలు కొట్టాలన్నా మట్టిబెడ్డలే దిక్కు. ఇంట్లో రాళ్ళంటే రుబ్బురోలు, సన్నికల్లు, దేవుడి మందిరంలో సాలగ్రామం. ఇవి కాక రైలుకట్ట మీద పోసిన కంకర ఒకటి ఉండేది, అందులో తళుకుమనే ముక్కలు ఏరుకొచ్చి నేను పలకల సంచిలో దాచుకునేదాన్ని. రోజూ రైల్లో గుంటూరు వెళ్ళి బీయస్సీ చదివే రోజుల్లో, మొదటి క్లాసులోనే మేష్టారు బల్లమీద చుట్టలు చుట్టలుగా ఉన్న నల్లరాయి ఒకటి పెట్టి, ఇది ఒకనాటి సముద్రజీవి రాయిగా మారిన రూపం అని చెబుతూంటే, నేను ఉండబట్టలేక లేచి నిలబడి ఇది మా దేవుడి మందిరంలో ఉందండీ అన్నాను. క్లాసంతా నవ్వారు. మేష్టారు మాత్రం నవ్వకుండా, ఉండొచ్చమ్మా, అదీ ఇదీ ఒకటే అన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మందిరం ముందు చాలాసేపు కూర్చున్నాను. రోజూ నాన్నగారు అభిషేకం చేసే ఆ చిన్న రాయి లోపల ఏదో సముద్రం ఉందన్న తలపు నన్ను నిలవనివ్వలేదు. నేను భూగర్భశాస్త్రం చదవడానికి అంతకంటే పెద్ద కారణమేదీ లేదు.

అప్పట్లో ఆడపిల్లలు ఆ చదువు వైపు వచ్చేవారు కాదు. ఎమ్మెస్సీలో మా బ్యాచి మొత్తానికి నేనొక్కదాన్నే. తరగతిలో కూర్చోవడం వరకూ ఏ ఇబ్బందీ లేదు గానీ, మొదటి సంవత్సరం పూర్తవుతూండగా ఒక్కొక్కరికీ ఒక్కో ప్రాంతం ఇచ్చి, వేసవిలో తిరిగి చూసి మ్యాపు గీసి థీసిస్ రాయమన్నారు. మగపిల్లలందరికీ కొండలిచ్చారు. గుడారాలు, సుత్తులు, దిక్సూచులు సర్దుకుంటూ వాళ్ళు పెళ్ళివారిలా హడావిడి పడుతూంటే నేను నా వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మా ప్రొఫెసరు గారు నన్ను పిలిచి, మీ ఇంటి దగ్గరే చేసుకోమ్మా, బాపట్ల నుంచి రేపల్లె దాకా, అన్నారు. రాయి లేని చోట రాళ్ళ చదువేమిటని హాస్టలుకొచ్చి ఏడ్చాను. మగపిల్లలు నాకు మట్టి పిసుక్కునే వరం దొరికిందని వేళాకోళం చేశారు.

మర్నాడు ప్రొఫెసరు గారు తనంతట తానే పిలిచి, ఒక కాగితం మీద పెన్సిలుతో గీతలు గీసి చూపించారు. ఆ డెల్టా అంతా నది తెచ్చిపోసిన నేల. నది మట్టి తెచ్చి పోస్తున్నకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది. ఎక్కడ కొన్నాళ్ళు ఆగిందో అక్కడల్లా ఒడ్డున ఇసుక గట్టు ఒకటి వదిలి వెళ్ళింది. మీ వాళ్ళు ఆ గట్ల మీదే ఊళ్ళు కట్టుకున్నారు, అక్కడే తియ్యటి నీళ్ళ బావులు తవ్వుకున్నారు, వాటి మధ్య పల్లాల్లో వరి వేసుకున్నారు. ఆ గట్లను పట్టుకుని నడువు, అక్కడక్కడా తవ్వి ఇసుక తీసుకురా, ఏ గట్టు ముందుదో ఏది తర్వాతదో తేల్చి చెప్పు, అన్నారు. ఆ పెన్సిలు గీతల మధ్య మా మేనమామగారి ఊరు కాకుమాను పేరు కూడా కనిపించేసరికి, దాని మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఎన్నోసార్లు ఎడ్లబండి మీద పడుకుని దాటిన దారే అది.

ఇక ఇంట్లో ఒప్పించాలి. బామ్మ, ఆడపిల్ల కాలికి బలపం కట్టుకుని తిరుగుతుందటే అని బుగ్గలు నొక్కుకుంది. నాన్నగారు కాదనలేదు గానీ ఒంటరిగా వెళ్ళడానికి వీల్లేదన్నారు. ఆయనకి సెలవుల్లో పేపర్లు దిద్దే పని ఉంది, అమ్మకి ఇల్లు కదిలే వీలు లేదు, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. అప్పుడు అందరి చూపులూ పెరటి వసారాలో ఒత్తులు చేసుకుంటున్న చిన్నత్తయ్య మీద పడ్డాయి.

అత్తయ్యకి అప్పటికి నలభై కూడా నిండి ఉండవు. పెళ్ళైన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. లేత రంగు నేతచీర, ఖాళీ చేతులు, తల దించుకునే నడక. నోట్లో నాలుక లేని మనిషి. వంట, మడి, వడియాలు, ఆవకాయలు, ఎవరికైనా పురుడొస్తే సాయం, ఇదే ఆవిడ లోకం. ఆవిడ ఇంట్లో ఉందని మాకు గుర్తుకొచ్చేది ఏదైనా పని పడ్డప్పుడే. ఇప్పుడు రాయడానికి మనసొప్పదు గానీ మాట నిజం. నాన్నగారు వెళ్తావా అని అడిగితే, నువ్వు పంపితే వెళ్తాను అన్నయ్యా, అంది. అంతకుమించి ఏమీ అడగలేదు, ఎక్కడికి, ఎందుకు అని కూడా.

అలా ఆ వేసవిలో, ఇనుప బోరు ఒకటి, అంటే చేత్తో తిప్పితే నేలలోకి దిగి అడుగు ఇసుకను పైకి తెచ్చేది, ఒక టేపు, మ్యాపులు, అత్తయ్య పాతచీరలు చింపి కుట్టిన చిన్న సంచులు పట్టుకుని మేమిద్దరం బాపట్లలో దూరపు చుట్టాలింట్లో దిగాం. మొదటి నమూనా ఇప్పటి ఒడ్డు నుంచే తీసుకోవాలని సూర్యలంక వెళ్ళాం. అప్పుడు అక్కడ జాలరుల గుడిసెలు, ఆరబోసిన వలలు తప్ప ఏమీ ఉండేవి కావు. అత్తయ్య సముద్రాన్ని చూడడం అదే మొదటిసారని నాకు అక్కడికి వెళ్ళాక తెలిసింది. తెనాలి నుంచి రైల్లో గట్టిగా ప్రయాణమంటూ లేని దూరం, అయినా ఆవిడను ఎవరూ తీసుకురాలేదు, ఆవిడ అడగనూ లేదు. అలలకి ఎదురుగా నిలబడి ఆవిడ ఏ దణ్ణమో పెట్టుకుంటుందనుకున్నాను. ఆవిడ అలాగే చూసి చూసి, ఇదంతా ఎవరికి కావాలే ఇన్ని నీళ్ళు, అంది. నేను నవ్వితే తనూ నవ్వింది. అత్తయ్య నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

మొదటి రెండు మూడు రోజులు ఆవిడ సరుగుడు చెట్ల నీడన కూర్చుని నన్ను కాపలా కాసింది. ఆవిడకి చెప్పులు అలవాటు లేదు. కాలే ఇసుకలో గబగబా అడుగులు వేస్తూ ఒక నీడ నుంచి ఇంకో నీడకి పరిగెత్తేది. చూడలేక బజారులో తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాను.

"చెప్పులే వేసుకోని దాన్ని బూట్లు తొడుక్కోమంటావేంటే? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"ఇక్కడ చూసేదెవరు అత్తయ్యా, తాడిచెట్లేగా?"

కాసేపు అటూ ఇటూ చూసి, నా భుజం పట్టుకుని తొడుక్కుంది. నాలుగడుగులు వేసింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపి ఇంకో నాలుగు వేసింది. తర్వాత నేను బోరు తిప్పుతూ తలెత్తి చూస్తే ఆవిడ దిబ్బ మీద ఉంది, గాలికి కొంగు ఎగురుతూంటే పట్టుకోకుండా నిలబడి. ఆ పూట నుంచి ఆవిడ నీడన కూర్చోలేదు. టేపు ఒక కొస ఆవిడ పట్టుకునేది, బోరు పిడి ఇద్దరం కలిసి తిప్పేవాళ్ళం. నేను చెప్పిన పేరు ఆవిడ తన గుండ్రటి అక్షరాలతో చీటీ మీద రాసి సంచిలో వేసి మూతి కట్టేది. దారి పొడవునా ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. మరి మన తెనాలి ఎప్పుడు తేలింది, ఇప్పుడు మనం నిలుచున్న చోట అప్పుడు చేపలు తిరిగేవా, సముద్రం వెళ్ళిపోతూంటే ఎవరైనా చూశారా, ఇలాంటివి. తెలిసినంత చెప్పేదాన్ని, తెలియనివి పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆవిడ అడగడం మూలానే నాకు సగం పాఠం ఒంటబట్టింది.

ఆ నడకలు ఇప్పుడు కలలాగే ఉంటాయి. పొద్దున్నే లేత వెలుగులో మునిగిన పల్లపు పొలాలు, వాటి మధ్య నుంచి పొడుగ్గా సాగిపోయే ఇసుక మెట్టలు, జీడిమామిడి తోటల వగరు వాసన, వేరుశనగ చేలు, ఒక గట్టు దిగి ఇంకో గట్టు ఎక్కేసరికి మారిపోయే నీళ్ళ రుచి. ఒక్కోసారి మధ్యాహ్నపు ఎండలో దూరంగా పొలాల మీద నీళ్ళలా ఏదో కదిలేది. ఎండమావులే అయినా, అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, అదుగో నీ సముద్రం వెనక్కొస్తోంది, అనేది.

రేపల్లె వైపు పనికి నగరం అనే ఊరి దగ్గర పల్లెలో నాన్నగారి పాత శిష్యుడి ఇంట్లో ఉన్నాం. వాళ్ళు వ్యవసాయదారులు, పెద్ద ఇల్లు, పాడి పంట కలవాళ్ళు. ఆ శిష్యుడి తల్లిగారిని నేను పెద్దమ్మగారూ అనేదాన్ని. అత్తయ్య మడి సంగతి తెలుసుకుని ఆవిడ మేం వెళ్ళేసరికే బావి దగ్గర కొత్త చేద, కొత్త తాడు పెట్టించి, వసారాలో వేరే పొయ్యి వేయించి ఉంచింది. అత్తయ్య నీళ్ళు తనే తోడుకుని, తన వంట తనే వండుకునేది. పెద్దమ్మగారు ఆ ఛాయలకి కూడా రాకుండా దూరంగా స్తంభానికి ఆనుకుని కూర్చుని కబుర్లు చెప్పేది. ఇద్దరి మధ్యా ఆ వాకిలంత దూరం ఉండేది.

వేసవి అయిపోయింది. సంచులు మూటలు కట్టి తెనాలి చేర్చాం. అన్నీ ఒక్కసారే రైల్లో మోసుకుపోలేక, కొన్ని మాత్రం వెంట తీసుకుని, బాపట్ల నుంచి రేపల్లె దాకా ఉన్న లోపలి గట్ల సంచులన్నీ పెరటి కొట్టులో మంచం కింద పేర్చి, దసరా సెలవులకి వచ్చి పట్టుకెళ్తానని యూనివర్సిటీకి వెళ్ళిపోయాను.

దసరాకి వచ్చి చూస్తే మంచం కింద ఏమీ లేదు. సంగతేమిటంటే, వానలకి మా బావి గట్టు కుంగింది. తాపీవాడు వచ్చాడు. కలుపుతూండగా ఇసుక చాలకపోతే బామ్మ, కొట్టులో మన పిల్ల మోసుకొచ్చిన ఇసుకేదో మూటలు మూటలుగా పడి ఉంది తీసుకోరా అంది. ఆ సమయంలో అత్తయ్య వీధి చివర ఎవరింటికో పురుడు సాయానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాత తీరాలన్నీ సిమెంటులో కలిసి బావి చుట్టూ నున్నగా ఆరిపోతున్నాయి. బామ్మ పాపం తన చేతులతో ఆ ఖాళీ సంచులు ఉతికి, మడతపెట్టి, నాకోసం దాచింది కూడా. ఆవిణ్ణి ఏమనగలను?

పైగా అదే సమయంలో నాకు పెళ్ళిచూపులు కుదిరాయి. అబ్బాయి గుంటూరులో లెక్చరరు. మంచి కుటుంబమని, విజయదశమి వెళ్ళాక వస్తామన్నారని నాన్నగారు సంతోషంగా ఉన్నారు. థీసిస్ ఇవ్వడానికి ఇక పెద్దగా గడువు లేదు. అది లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే నేను కలలు కంటున్న సర్వే ఉద్యోగం అసలే లేదు. నేను బావి గట్టు మీద కూర్చుని ఏడుస్తూంటే అమ్మ వచ్చి ఓదార్చింది. ఊరుకోవే, కాలవ గట్టున కావలసినంత ఇసుక ఉంది, ఆ సంచులే నింపుకుని పట్టుకెళ్ళు, ఎవరికి తెలుస్తుంది, అంది. అమ్మ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆవిడకి ఇసుక ఇసుకే.

వంటింటి గడపలో నిలబడి ఉన్న అత్తయ్య అప్పుడు మాట్లాడింది.

"తవ్వినవాళ్ళం మాకు తెలుసు కదా వదినా."

అత్తయ్య వీధి అరుగు మీద ఉన్న నాన్నగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎదుట అలా వెళ్ళి నిలబడడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. అమ్మా, నేనూ తలుపు చాటునే ఉన్నాం.

"అన్నయ్యా, మేం మళ్ళీ వెళ్ళాలి. ఆ పెళ్ళివాళ్ళని కొన్నాళ్ళు ఆగమని రాయి."

"ఆగకపోతే ఏంటి సంగతి?"

"ఆగకపోతే వేరే సంబంధం చూద్దువు గాని. ఈ చదువు మాత్రం ఇప్పుడు పోతే మళ్ళీ రాదు. నేను నిన్ను ఇన్నేళ్ళలో ఏదీ అడగలేదు."

నాన్నగారు, వానాకాలం, ఇద్దరూ ఆడవాళ్ళు, అని మాత్రం అన్నారు. అత్తయ్య, పోయినసారీ ఇద్దరం ఆడవాళ్ళమేగా అంది. ఆయన లేచి లోపలికి వెళ్ళి పోస్టుకార్డు తీసుకున్నారు.

మర్నాడు తెల్లవారుతూనే రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. అత్తయ్య ఆ కాన్వాసు బూట్లు వీధి గుమ్మంలోనే, అందరూ చూస్తూండగా తొడుక్కుంది. వేసవిలో నడిచిన దారి వానల్లో గుర్తుపట్టలేకుండా ఉంది. పల్లాలన్నీ నీళ్ళు, ఆ నీళ్ళలో పచ్చటి వరి, వాటి మధ్య గట్లు మాత్రం పొడిగా, పసుపుపచ్చగా తేలి ఉన్నాయి. వేసవిలో మ్యాపు మీద వెతుక్కున్నవి ఇప్పుడు కళ్ళెదుటే గీసిపెట్టినట్టు కనిపించాయి. నీళ్ళే వచ్చి నాకు పాఠం చెప్పినట్టయింది. కానీ బోరు దింపడం నరకమే. ఊటనీరు ఊరి, తవ్విన గొయ్యి తవ్వినట్టే పూడిపోయేది. ఒక్కో సంచికీ రెండింతలు కష్టపడి, తడి ఇసుకనే మూటలు కట్టుకుని నగరం పల్లె చేరేసరికి ఆకాశం నల్లగా దిగింది. వాయుగుండం. వాన పట్టుకుంటే మళ్ళీ వదల్లేదు. రేపల్లె దారి తెగింది, బస్సులు లేవు, మేం ఆ ఇంట్లో చిక్కుబడిపోయాం.

వసారాలో అత్తయ్య పొయ్యి మొదటి జల్లుకే తడిసిపోయింది. బావి నీరు మట్టి కలిసి ఎర్రబడింది. ఆ పూట అత్తయ్య ఏమీ తినలేదు, రెండో పూట అరటిపండుతో సరిపెట్టుకుంది. పెద్దమ్మగారు స్తంభం దగ్గర నుంచి చూస్తూ బాధపడేది గానీ, తినండని అనడానికి నోరు రాలేదు. ఏం పాపం చుట్టుకుంటుందోనని ఆవిడ భయం. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య తనే వాకిలి దాటి వాళ్ళ వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది.

"పెద్దమ్మగారూ, కాసింత మజ్జిగ పొయ్యండి."

"నా చేత్తోనా అమ్మగారూ?"

"మీ చేత్తోనేనండి. ఆకలేస్తోంది."

ఆవిడ గ్లాసు కడిగి, నిండా పోసి అందించింది. అత్తయ్య అక్కడే పీట వాల్చుకుని కూర్చుని తాగింది. తర్వాత అన్నం కూడా అక్కడే తింది, చింతకాయ పచ్చడి వేసుకుని, రెండోసారి అడిగి మరీ వేయించుకుని.

ఇక నా బెంగ తడి సంచుల గురించి. చీటీలు నానిపోతున్నాయి, గుడ్డలు బూజు పడుతున్నాయి, ఎండ మొహం కనపడదు. ఏం చెయ్యాలో తోచక నేను మూలన కూర్చుంటే, పెద్దమ్మగారు, వేరుశనక్కాయలు ఇసుకలో వేయిస్తాం కదమ్మా, ఇసుకనే వేయిస్తే పోలా అంది. అటకమీద నుంచి పెద్ద బాండీలు దింపారు. సరుగుడు కట్టెల మంట మీద ఒకవైపు అత్తయ్య, ఒకవైపు పెద్దమ్మగారు కూర్చుని, ఒక్కో సంచి ఇసుకా విడివిడిగా వేయించడం మొదలుపెట్టారు. నేను ఒకదానిది ఒకదానిలో కలవకుండా చీటీలు పట్టుకుని కాపలా. బయట ధారగా వాన. లోపల పొగ, వెచ్చదనం, వేడెక్కిన ఇసుక నుంచి లేచే వింత వాసన, ఎప్పుడో ఎండిపోయిన సముద్రం మళ్ళీ ఊపిరి తీస్తున్నట్టుగా. అట్లకాడ తిప్పుతూ వాళ్ళిద్దరూ తమ తమ జీవితాలు చెప్పుకున్నారు. అత్తయ్య తన భర్త గురించి చెప్పడం నేను విన్నది అప్పుడే. ఆయన ఈల వేస్తూ సైకిలు తొక్కేవాడట. ఆయనతో ఉన్న కాసిని నెలల్లో ఒక్కసారి, ఎవరూ చూడకుండా, చెరుకుతోట దారిలో ఆవిడని ముందు కూర్చోబెట్టుకుని తొక్కాడట. అది చెబుతూ అత్తయ్య నవ్వింది. నేను నిద్రలోకి జారుతూ, మెలకువలోకి వస్తూ వింటున్నాను. నా బతుకులో అంత హాయిగా ఉన్న మధ్యాహ్నాలు ఎక్కువ లేవు.

ఆ పెళ్ళివారు ఆగలేదు. తిరిగొచ్చేసరికి కార్డుకి జవాబు వచ్చి ఉంది, వేరే చోట కుదుర్చుకున్నామని. అమ్మ కొన్నాళ్ళు ముభావంగా ఉంది. నాన్నగారు నా మూటలు స్టేషనుకి తనే మోశారు. థీసిస్ ఇచ్చాను. వైవాలో పరీక్షకు వచ్చిన పెద్దాయన నా ఇసుక చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఇదేంటమ్మా పొగ వాసన వస్తోంది అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, గట్ల వరస సరిగ్గానే పట్టావు అన్నారు. కొండలకి వెళ్ళిన మగపిల్లల్లో కొందరికి రాని మార్కులు నాకొచ్చాయి.

భూగర్భజలాల శాఖ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు శాస్త్రం గురించి అడిగింది కొంచెమే. ఊళ్ళు పట్టుకుని తిరగాలి, ఆడపిల్లవి ఎలా వెళ్తావు అన్నదే వాళ్ళ ప్రశ్న. మా అత్తయ్య వస్తుందండి, అన్నాను. వాళ్ళు నవ్వారు గానీ నేను వేళాకోళానికి అనలేదు. ఉద్యోగం వచ్చింది, అత్తయ్యా వచ్చింది. నా పెళ్ళి వరకూ, ఆ తర్వాత కూడా మావారి ఇష్టంతోనే, నేను బదిలీ అయిన ప్రతి ఊరికీ ఆవిడ నాతోనే ఉంది. జీపులో డ్రైవరు పక్కన కూర్చునేది. ఏ ఊళ్ళో దిగినా ముందు నీళ్ళు రుచి చూసి, ఆ ఊరి ఆడవాళ్ళతో వరసలు కలిపేసేది. కొన్నాళ్ళకి చీరలకి రంగు అంచులు వచ్చాయి. పెద్దమ్మగారు పోయేదాకా ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. అత్తయ్య ఒక శీతాకాలంలో, పెద్దగా జబ్బు పడకుండానే, ఇదే బాపట్లలో నా చేతుల్లోనే వెళ్ళిపోయింది.

మొన్నామధ్య మా పాత శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నగరం వైపు గట్లు ఎక్కడెక్కడ ఉండేవో చూపించమని అడిగితే నేను కారులో, తను స్కూటీ మీద వెళ్ళాం. నేను గీసిన గట్లలో సగం ఇప్పుడు లేవు. కొన్ని ఇళ్ళ పునాదుల్లోకి లారీలెక్కి పోయాయి, కొన్నింటిని చదును చేసి రొయ్యల చెరువులు తవ్వారు. ఏ బావిలో తియ్యటి నీళ్ళు తాగామో అక్కడ ఇప్పుడు నీళ్ళ డబ్బాలు కొనుక్కుంటున్నారు. ఎన్ని వేల ఏళ్ళకో సముద్రం గీసుకున్న గీత ఒక్క మనిషి జీవితకాలంలో చెరిగిపోవడం చూశాను. ఇంకేం చెప్పను?

కానీ ఆ అమ్మాయిని చూస్తే ముచ్చటేసింది. ఫోనులో చుక్కలు పెట్టుకుంటూ, ప్యాంటు మడుచుకుని బురదలోకి దిగి, ఎవరి తోడూ అక్కర్లేకుండా పని చేసుకుంటోంది. ఇంట్లో ఏమీ అనరా అని అడిగితే, దేనికండీ, అని నా వంక చూసింది. సాయంత్రం నన్ను కారెక్కించి, తను ఇంకా రెండు చోట్ల చూడాలని స్కూటీ మీద రేపల్లె వైపు ఒక్కతే వెళ్ళిపోయింది. అలా వెళ్ళగలగడం కోసమే కదా మా తరం ఆడవాళ్ళం అంత తాపత్రయపడ్డాం అనుకున్నాను. మనస్ఫూర్తిగానే సంతోషించాను. అయినా చేల మధ్య ఆ పిల్ల చిన్నదైపోయి కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చుంటే ఒక మాట తోచింది. ఆ రోజుల్లో మా నాన్నగారు నన్ను ఒంటరిగా పంపి ఉంటే, ఒకే ఇంట్లో పుట్టి పెరిగీ, మా అత్తయ్య ఎవరో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.